ఆడపెళ్లివారి వకీలు

1958 ఫిబ్రవరి 3, సోమవారం

ఈ డైరీ నాది కాదు. మా అక్క కొడుకు ఐలేశానిది. పట్నంలో వకీలు చదువు చదువుతున్నాడు. పెద్ద వకీళ్లందరూ డైరీ రాస్తారని కొనుక్కున్నాడట. జనవరి ఒకటో తారీఖు కాగితం మీద ‘ఐలేశం, వకీలు’ అని ఉర్దూలో, తెలుగులో, ఇంగ్లీషులో రాసుకున్నాడు. ఆ తర్వాత అన్నీ తెల్ల కాగితాలే.

నిన్న సాయంత్రం బస్సు దిగి నేరుగా నా హోటల్లోకి వచ్చాడు. ట్రంకు పెట్టె కింద పెట్టి, అందులోంచి దీన్ని తీసి, “మామా, పొయ్యిల పెట్టు” అన్నాడు.

“సెలవులా అల్లుడా?”

“ఊ.”

“పరీక్షలు ఏప్రిల్ల గద?”

“ఊ.”

“గీ ఒక్క ‘ఊ’కు ఫీజెంతరా?”

నవ్వలేదు. నా జోకులకు ఇంట్లో ఎవరూ నవ్వరు కాబట్టి పట్టించుకోలేదు.

పొయ్యిలో పెట్టడానికి చెయ్యి రాలేదు. మిర్చీబజ్జీలు కట్టడానికి దాచాను. తీరా చూస్తే కాగితం మందం, నూనె పీల్చదు. బజ్జీలకు పనికిరాని కాగితం ఇంక రాతకే పనికొస్తుంది. నాలుగో తరగతి చదివిన చెయ్యి ఊరికే ఉండటం ఎందుకని రాస్తున్నాను.

ఫిబ్రవరి 4

ఐలేశం లేవలేదు. బస్సు ప్రయాణం అలాంటిది.

ఫిబ్రవరి 6

ఈరోజూ లేవలేదు. మరీ చెడ్డ బస్సు.

ఫిబ్రవరి 7

పొద్దున్నే అక్క నర్సింగమ్మ వచ్చి పొయ్యి ముందు కూలబడింది. బావ పోయినప్పటి నుంచి మా పక్కింట్లోనే ఉంటుంది. ఉన్న గొర్రెల్ని ఒక్కొక్కటే అమ్మి కొడుకును చదివిస్తోంది.

“తమ్మీ, పిల్లగాడు పలుకుతలేడు. గోడదిక్కు తిరిగి పండుకుంటాండు. బువ్వ పెడితె మెతుకులు ఏరుకుంట కూసుంటాండు.”

“వకీలైతడు గద అక్కా, ప్రతిదాన్ని పరీక్షగ చూడాలె.”

“నీ మొఖం. ఇల్లు కాలుతున్నా నీకు నవ్వులాటనే. వానికి గాలి సోకింది. ఆ పట్నంల ఏ మూలకు ఏమున్నదో!”

అప్పటికే వాడి చేతికి తాయెత్తు, మెడలో నల్లదారం, తలగడ కింద నిమ్మకాయ, గుమ్మానికి చెప్పు చేరాయి. మల్లన్న దేవుడికి కూడా మొక్కుకుందట, పిల్లవాడి నోట మాట వస్తే పొట్టేలును ఇస్తానని. మందలో ఇంక మిగిలింది ఆ పొట్టేలే.

నాకేం ఫికర్ లేదు. కుర్రతనం. వాడికి ఇరవై మూడే.

ఫిబ్రవరి 9, ఆదివారం

నలుగురు మనుషుల మధ్య ఉంటే బాగుంటుందని హోటల్‌కు తెచ్చి కూర్చోబెట్టాను. చాలా తెలివైన పని చేశాను.

వెంకటయ్య టీ తాగడానికి వచ్చి చూశాడు. “ఓ, వకీల్ సాబ్ వచ్చిండు! మంచిగైంది. సాబ్, ఎల్లస్వామి మేక నా కందిచేను మేసింది. జైల్ల మేకను ఏస్తరా, ఎల్లస్వామిని ఏస్తరా?”

అక్కడే కూర్చున్న ఎల్లస్వామి ఊరుకుంటాడా? “నీ కందిచేనే వచ్చి నా మేక నోట్ల పడ్డది. నువ్వు చెప్పు వకీల్ సాబ్, తప్పెవరిది?”

ఇద్దరూ వాడి మొహంలోకి చూశారు. వాడి చేతిలో గ్లాసు జారి కింద పడి పగిలింది. వాడు లేచి ఇంటికి వెళ్లిపోయాడు.

ఆ గ్లాసుకు ముందే చీలిక ఉందని అందరికీ చెప్పాను. నిజానికి మొన్న సంతలో కొన్న గ్లాసు.

ఫిబ్రవరి 12

రామన్నపేట దవాఖానకు తీసుకుపోయాను. నిద్ర పడుతుందా అని డాక్టరు అడిగాడు. లేదు. ఆకలి? లేదు. చదివింది బుర్రకెక్కుతుందా? అక్షరాలు నడుచుకుంటూ పోతున్నాయి అన్నాడు. వాడు వారం తర్వాత మాట్లాడిన పెద్ద మాట అదే.

నరాల నీరసం అని తేల్చాడు డాక్టరు. సంతోషంగా ఉండమని చాలా కోపంగా చెప్పాడు. వెనక జనం బారులు తీరి ఉన్నారు మరి. ఎర్ర టానిక్ సీసా ఒకటి ఇచ్చాడు.

రుచి చూడకుండా పిల్లవాడికి ఎలా పోస్తాం? నేను ముందు తాగాను. హోటల్ తెరిచి ఉండగానే బల్ల మీద పడి పొద్దుగూకే దాకా నిద్రపోయానట. గిరాకీ వాళ్లు ఎవరి టీ వాళ్లే కాచుకుని తాగి పోయారు. టీ ఈరోజు బాగుందని కూడా అన్నారట. మా ఆవిడ అమృతమ్మ ఈ మాట నాకు మూడుసార్లు చెప్పింది.

ఐలేశం తాగితే మాత్రం కన్ను మూతపడలేదు.

ఫిబ్రవరి 15

తెల్లవారుజామున వాడు ఊరవతలి మోటబావి దగ్గరికి పోయి గట్టు మీద కూర్చుంటున్నాడు. నాకు కూడా ఎందుకో పొద్దున్నే బావి దాకా నడవాలనిపిస్తోంది. మోకాలి నొప్పికి మంచిదట. ఎవరన్నారో గుర్తు లేదు.

ఫిబ్రవరి 16

బావి చుట్టూ నడిచాను. మోకాలు బాగా నొప్పి పెడుతోంది. మంచిదే.

ఫిబ్రవరి 17

బావి దగ్గరి చేదతాడు పోయింది. ఊరంతా గోల. గోపమ్మ గట్టు మీద నిలబడి కొంగు నడుముకు చెక్కి దొంగను తిట్టింది.

“వాని చేతులు పడిపోను! వాడు తాగే నీళ్లు గొంతుల్నే ఆగిపోను! తాడెందుకురా నీకు, నీ పాడె కట్టుకోనీకా?”

తిట్లు బాగున్నాయి. నేనూ పక్కన నిలబడి రెండు కలిపాను.

చక్కెర బస్తా వెనక ఎత్తుగా ఏమిటని అమృతమ్మ అడిగింది. ఎలుకల బోను అన్నాను. తాడునైతే దాచొచ్చు. బావిని దాచే ఉపాయమే దొరకలేదు.

ఫిబ్రవరి 18

అమృతమ్మ ఇంకో బావికి పోయి అంత దూరం నుంచి నీళ్లు మోసుకొచ్చేసరికి పొద్దెక్కింది. ఆలస్యంగా టీ పెట్టాను. తాడు దొంగ వల్ల ఊళ్లో అందరికంటే ఎక్కువ నష్టం నాకే.

ఫిబ్రవరి 20

మధ్యాహ్నం హోటల్లో ఎవరూ లేరు. ఐలేశం వచ్చి నేరుగా చక్కెర బస్తా దగ్గర నిలబడ్డాడు.

“మామా, తాడియ్యి. గోపమ్మత్త ముసల్ది. అంత దూరంకెల్లి బిందె మోస్తాంది.”

“ఏం తాడు?”

“అబద్ధమాడినప్పుడు నీ ఎడమ చెవ్వు కదుల్తది మామా. నా చిన్నప్పటిసంది చూస్తున్న.”

చెవి పట్టుకుని చూసుకున్నాను. ఏమీ తెలియలేదు.

“నేనేం చేసుకోను” అన్నాడు.

“నేనడిగిన్నా?”

“అడగలే. గందుకే చెప్తున్న.”

ఇంక దాచడం ఎందుకని అడిగేశాను. “మరి పొద్దుగాల బావికాడ ఏం పనిరా నీకు?”

బస్తా మీద కూర్చున్నాడు. “ఉత్తగ అబద్ధమెందుకు. ఒక్కనాడు అనుకున్న మామా. దుంకుదామనే అనుకున్న. గప్పుడే నువ్వు కుంటుకుంట వచ్చినవు. మోకాలికి మంచిదని బావి సుట్టు తిరుగుతున్నవు. మూడో సుట్టుకు నీ చెప్పు ఊడి బావిల పడ్డది. నువ్వేమో ఏం గానట్టు ఒక చెప్పుతోనే తిరుగుడు పెట్టినవు. నాకు నవ్వాగలే. నవ్వినంక ఇగ ఆ పని చేయబుద్ధి గాలే.”

ఆ చెప్పు సంగతి వాడు చూడలేదనుకున్నాను.

“గా ఆలోచన మళ్ల వస్తదా?”

“వస్తె రావొచ్చు.”

“వస్తె నన్ను లేపు. ఏ యాళ్లనన్న సరే. రెండో చెప్పు గూడ పడేస్త.”

“లేపుత.”

దీని గురించి ఇంక రాయను.

తాడు వాడే పట్టుకుపోయి బావి గిలకకు వేలాడదీసి వచ్చాడు. గోపమ్మ తిట్లకు దడుచుకుని దొంగ తెచ్చి పెట్టాడని ఊరంతా అనుకుంటోంది. సాయంత్రం ఇద్దరు మనుషులు పోయిన కోళ్ల కోసం గోపమ్మను తిట్టమని బతిమాలుకున్నారు.

ఫిబ్రవరి 26

గ్లాసులు కడుగుతున్నాడు. కడుగుతూ కొంచెం కొంచెం చెబుతున్నాడు.

వాళ్ల కాలేజీలో ఉత్తుత్తి కోర్టు పెడతారట. పిల్లలే వకీళ్లు, పంతులే జడ్జి. వీడి వంతు వచ్చింది. నెలంతా బట్టీ పట్టి నిలబడ్డాడు. చిన్నప్పుడు వీడు చదివింది ఉర్దూలో. మధ్యలో తెలుగన్నారు. పట్నం పోయేసరికి అంతా ఇంగ్లీషన్నారు. నిలబడ్డాక ఇంగ్లీషు ఎటో పోయింది, తెలుగు వచ్చింది. “గా మనిషి గట్ల చేయలే” అన్నాడట. వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. దాంతో తెలుగు కూడా పోయింది. జడ్జిగా కూర్చున్న పంతులు మంచివాడే, ‘ఫర్వాలేదు, కూర్చో’ అన్నాడట. వీడికి కూర్చోవడం కూడా రాలేదు. గంట కొట్టేదాకా అలాగే నిలబడ్డాడు.

“మరి నీ తోటి పిల్లగాండ్లు?”

“నా గదిల నలుగురం. అందరం జిల్లాలకెల్లి వచ్చినోళ్లమే. ఒకడు స్నానాల గదిల నల్లా ఇప్పి ఏడుస్తడు. నల్లా చప్పుడు ఇనబడితె మేమెవ్వలం అటుదిక్కు పోం.”

“పోయి పలకరించరాదురా.”

“ఏమని పలకరించాలె మామా? నేను గూడ నల్లా ఇప్పేటోన్నే.”

పట్నంలో నీళ్ల కరువు ఎందుకొస్తుందో ఇప్పుడర్థమైంది అన్నాను. నవ్వాడు. చిన్నదే, కానీ నవ్వే.

మార్చి 4

పెద్దగొల్ల యాదయ్య వచ్చాడు. వచ్చే ఆదివారం మల్లన్న పెళ్లి. మల్లన్నకు ఇంట్లో మేడలమ్మ ఉండగానే మా గొల్లవారి ఆడబిడ్డ కేతమ్మను కూడా చేసుకున్నాడు కదా, మా ఊళ్లో ఏటేటా ఆ పెళ్లి చేస్తాం. పై వాడవాళ్లు మగపెళ్లివారు, కింది వాడవాళ్లం ఆడపెళ్లివారు. తాళి కట్టే ముందు ఎదుర్కోలు. మీవాడెంత, మాపిల్లెంత అని రెండు పక్షాలూ ఒకరినొకరు ఎత్తిపొడుచుకోవాలి. ఆడపెళ్లివారు ‘పిల్లనిస్తున్నం’ అనేదాకా తాళి కట్టరాదు. వాళ్ల తరపున యాదయ్య మాట్లాడతాడు, మా తరపున నేను. పోయినేడు మీ దేవుడు గుర్రమెక్కడం తప్ప దిగడం నేర్చుకున్నాడా అని అడిగాను. గుడిలో దేవుడు తప్ప అందరూ నవ్వారు.

యాదయ్య పోయిన మాఘంలో రెండో పెళ్లి చేసుకున్నాడు. పిల్ల పేరు జానమ్మ. మొదటి భార్య బిక్షమ్మ మంచం అప్పటి నుంచి గొర్లదొడ్డిలోకి మారింది. ఆ దొడ్డిలో గొర్లు ఆమె పెళ్లినాడు తండ్రి ఇచ్చినవే. ఊళ్లో మాత్రం దాన్ని యాదయ్య మంద అనే అంటారు.

“గీసారి గూడ మీరు ఓడిపోవుడే కాటమయ్యా” అన్నాడు యాదయ్య, టీ ఊదుకుంటూ.

నాకు ఒక ఆలోచన వచ్చింది. రాయను. రాస్తే అమృతమ్మ చదువుతుంది.

మార్చి 7

గొంతు పోయింది. మాట రావట్లేదు. నిజంగానే.

మార్చి 8

గొంతు అలాగే ఉంది. గుసగుసగా మాట్లాడుతున్నాను. అమృతమ్మ తప్ప అందరూ నమ్మారు. ఉత్తగా నా పక్కన నిలబడు చాలు అని ఐలేశానికి చెవిలో చెప్పాను. వాడు నా ఎడమ చెవి వైపే చూస్తూ సరే అన్నాడు.

మార్చి 9, ఆదివారం

ఏం జరిగిందో వరసగా రాయాలి.

గుడి ముందు జనం. ఒంటి నిండా పసుపు పూసుకుని ఒగ్గు పూజారి మల్లప్ప మధ్యలో కూర్చున్నాడు. డోళ్లు ఆగాయి. యాదయ్య తలపాగా సర్దుకుని లేచాడు.

“ఏందయా కాటమయ్యా, ఈయేడు మాటలు ఉద్దెరకు గూడ దొరకలేదా?”

నేను గొంతు చూపించి ఐలేశాన్ని ముందుకు తోశాను. జనం చప్పట్లు కొట్టారు. వకీల్ సాబ్, వకీల్ సాబ్ అన్నారు.

“మంచిది! పట్నం వకీలే వచ్చిండు. ఇను వకీల్ సాబ్. మా సామికి తెల్లగుర్రమున్నది, బంగారు సిరులున్నయి. మీ పిల్లకేమున్నది? గొర్ల వాసన! చెప్పు, ఏం జూసి చేసుకోవాలె?”

మా వంతు. ఐలేశం నోరు తెరిచాడు. మూశాడు. మళ్లీ తెరిచాడు. చెవుల దాకా ఎర్రబడ్డాడు. జనం నవ్వడానికి సిద్ధంగా చూస్తున్నారు. నేనేం చేశానో అప్పుడు తెలిసింది. బావిలో పడకుండా కాపాడినవాణ్ణి తీసుకొచ్చి ఊరందరి ముందు నేనే తోశాను.

ఇంక నాటకం చాలని నేనే మాట్లాడబోయాను. రెండు రోజులు గుసగుసలాడిన గొంతు నిజంగానే రాలేదు. గాలి మాత్రం వచ్చింది.

యాదయ్య ఊరుకోలేదు. “పలుకవేందయా? మీ పిల్లను చేసుకునుడే మా దయ. మా సామికి ఇంట్ల పెద్దభార్య ఉండనే ఉన్నది. ముసల్ది ఒక మూలకు పడి ఉంటది, దాన్నెవలడిగిన్రు!”

జనం నవ్వారు. ఆడవాళ్ల వరసలో బిక్షమ్మ కొంగు సర్దుకుని తల దించుకుంది.

“చెల్లదు” అన్నాడు ఐలేశం.

ఎవరికీ సరిగా వినపడలేదు. “ఏందీ?” అన్నాడు యాదయ్య.

“చెల్లదు. మొదటి భార్య బతికుండంగ రెండో పెండ్లి చెల్లదు. మా పిల్లనియ్యం.”

“ఎవలు చెప్పిన్రు?”

“పార్లమెంటు.”

“గదెక్కడి దేవుడు?”

“దిల్లీల ఉంటది. యాభై అయిదుల చట్టం చేసింది. ఒకలుండంగ ఇంకొకలను చేసుకుంటె గది పెండ్లే కాదు. పైకెల్లి జైలు.”

“సామికి జైలా?”

“సామైనా సరే, సామాన్యుడైనా సరే. చట్టంల మినహాయింపు రాసిలేదు.”

డోళ్లవాళ్లు చేతులు జారవిడిచారు. మల్లప్ప చేతిలో తాళి అలాగే ఉండిపోయింది. జనంలో కొందరు పెద్దమనుషులు తువ్వాళ్లు దులుపుకుంటూ మెల్లగా వెనక్కి జరిగారు. మా అక్క రెండు చేతులూ నెత్తిన పెట్టుకుంది.

“మల్లన్నా, పిల్లగాన్ని మాట్లాడియ్యమని మొక్కిన గని, గిట్ల మాట్లాడియ్యమన్ననా! దేవుని పెండ్లి ఆపిండు! ఇగ వానలు పడయి!”

ఆడవాళ్లు కొందరు ఏడుపు మొదలుపెట్టారు. మల్లప్ప బతిమాలుకున్నాడు. “బిడ్డా, లగ్గం గడియ దాటిపోతాంది. ఏదన్న దారి చెప్పు.”

ఐలేశం మల్లప్ప ఎదురుగా వెళ్లి నిలబడ్డాడు. నిలబడ్డ తీరు చూసి అమృతమ్మ నా చెయ్యి గిల్లింది.

“మల్లప్పతాతా, నేనడిగినదానికే జవాబియ్యి. సామికి కేతమ్మకు పెండ్లెప్పుడైంది?”

“గది చెప్పతరమా? యుగాల కింద.”

“నువ్వు పుట్టకముందేనా?”

“నా తాత తాత పుట్టకముందే!”

“మరి గిప్పుడు కొత్తగ చేస్తున్నవేంది?”

“కొత్తగ ఏడిది బిడ్డా. అప్పుడైన పెండ్లిని ఏడాదికోసారి యాది చేసుకునుడు.”

“అంటే గిది రెండో పెండ్లి గాదు, పాత పెండ్లికి యాది. అంతేనా?”

“అంతే, అంతే!”

ఐలేశం జనం వైపు తిరిగాడు. గొంతు గుడి వెనకదాకా పోయింది. “చట్టం రాకముందు అయిన పెండ్లిళ్లు చెల్లుతయి. సామికి మాఫీ. పిల్లనిస్తున్నం.” ఆగి, యాదయ్యను చూశాడు. “సామికే మాఫీ. పోయిన మాఘంల చేసుకున్నోళ్లకు గాదు.”

డోళ్లు ఒక్కసారి మోగాయి. ఆ మోతలోనే ఆడవాళ్ల వరసలోంచి బిక్షమ్మ లేచి నిలబడింది.

“బిడ్డా, గా కడపటి మాట ఇంకొక్కసారి చెప్పు.”

యాదయ్య తలపాగా సర్దుకోవడం మొదలుపెట్టి, అందరూ ఇంటికి పోయేదాకా సర్దుకుంటూనే ఉన్నాడు.

మార్చి 10

మొక్కు ఫలించిందని అక్క. తాయెత్తు మహిమ అని తాయెత్తు కట్టినవాడు. సీసాలో సగం కూడా తాగలేదు, అప్పుడే పనిచేసింది అని రామన్నపేటలో డాక్టరు అన్నాడట. తను పెట్టిన తిండి వల్లే అని అమృతమ్మ. నేనేమీ అనలేదు. గొంతు ఇంకా రాలేదు. దేవుడు ఎవరికి శిక్ష వేయాలో వాళ్లకే వేశాడు.

మార్చి 11

ఐలేశం లేవలేదు. గోడ వైపు తిరిగి పడుకున్నాడు.

మార్చి 12

లేవలేదు. బాగైపోయిందని నేనే అనుకున్నాను. పొట్టేలును అప్పుడే ఇవ్వొద్దని అక్కతో చెప్పాను.

పగలంతా పడుకున్నవాడు తెల్లవారకముందు మాత్రం వచ్చి నన్ను లేపాడు. ఇద్దరం హోటల్ తెరిచి, పొయ్యి ముట్టించి కూర్చున్నాం. టీ కాచాను. తాగాడు. ఇంకొకటి కాచాను. అదీ తాగాడు. వెలుతురొచ్చాక, “ఇగ సాలు మామా, పాలన్నీ అయిపోతయి” అన్నాడు.

లేపుతానన్నాడు, లేపాడు.

మార్చి 13

బిక్షమ్మ హోటల్ ముందుకు వచ్చి నిలబడింది. లోపలికి రమ్మంటే రాలేదు, గడప మీద కూర్చుంది.

“ఏడి మా వకీలు?”

ఐలేశం గ్లాసులు వదిలి తడి చేతులతో వచ్చాడు.

“బిడ్డా, జానమ్మకేం గావొద్దు. దాన్నడిగి తెచ్చుకున్నడా, నన్నడిగి తెచ్చుకున్నడా? ఆయనను జైల్ల ఏయుడు గూడ వద్దు, ఈ వయసుల ఆడ చలికి సస్తడు. నా గొర్లు నాకు గావాలె. పండుకోనీకి ఒక అర్ర గావాలె. దొరుకుతయా?”

“దొరుకుతయి పెద్దమ్మా. మీ నాయిన నీకిచ్చిన గొర్లు నీయే. వేరుగ ఉన్నా నీ బువ్వ, నీ జాగ ఆయననే చూసుకోవాలె. గది గూడ కొత్త చట్టమే.”

“మరి పోయి కోర్టుల చెప్పు.”

“నేనింక వకీలు గాలే. నల్లగొండల మంచి వకీళ్లున్నరు, చీటి రాసిస్త.”

“పోయొచ్చిన ఒక్కసారి. ఆయన మాట్లాడేది నాకెరుక గాలే. నేను మాట్లాడేది ఆయనకెరుక గాలే. నడుమ గుమాస్తా ఉండె, వాడు ఇద్దరికీ ఎరుక గాలే. నువ్వే చెప్పాలె.”

“నేను చెప్పాలంటె పరీక్ష పాస్ గావాలె పెద్దమ్మా.”

“అయితె కా. ఎవలొద్దన్నరు?”

ఆమెకది పాలు పిండినంత పని. లేచి దొడ్డి వైపు పోయింది.

మార్చి 16

హోటల్లో చదువు షురూ అయింది. పుస్తకం మూసి, వెంకటయ్యను ఒక పక్క, ఎల్లస్వామిని ఒక పక్క కూర్చోబెట్టి, మేక కేసు ముందు మన మాటల్లో, తర్వాత ఉర్దూలో, చివర ఇంగ్లీషులో వాదిస్తున్నాడు. ఒకరోజు మేక తరపున, ఒకరోజు కందిచేను తరపున. ఇంగ్లీషులో వాదించినప్పుడు వెంకటయ్య, ఎల్లస్వామి ఇద్దరూ తామే గెలిచామనుకుని ఇంటికి పోతున్నారు.

తోటి పిల్లలకు కార్డు రాశాడు. ఈసారి గదిలో ప్రతి ఆదివారం ఎదుర్కోలు పెట్టుకుందామని, నల్లా ఎవరు విప్పినా తలుపు కొట్టుదామని.

యాదయ్య మా హోటల్లో టీ మానేశాడు. ఊళ్లో ఇంకో హోటల్ లేదు. మూడో రోజు దూరంగా నిలబడి గ్లాసు తెప్పించుకున్నాడు.

మార్చి 22

బస్సెక్కించాను. అక్క సద్ది కట్టింది. “రాయలేకపోతె వచ్చెయ్యిరా, పొట్టేలున్నది, ఇద్దరం కాసుకుందాం” అంది. ఇంతకు ముందు ఎప్పుడూ ఆ మాట అనలేదు.

“కార్డు రాస్త మామా. రాయకుంటె నువ్వే రా. ఒక్క చెప్పుతోనైనా సరే.”

కండక్టరు విజిలేశాడు. నాకు చెప్పాల్సిన జోకు గుర్తు రాలేదు.

ఏప్రిల్ 19

కార్డు వచ్చింది. ఒక పరీక్షలో సగంసేపు చెయ్యి కదలలేదట. బయటికొచ్చి మిత్రుడికి చెప్పి ఏడ్చాడట. ఇద్దరూ పోయి బిర్యానీ తిన్నారట. బిర్యానీ బాగుందని రెండు వాక్యాలు రాశాడు, పరీక్ష గురించి ఒకటే.

జూన్ 27, శుక్రవారం

ఐలేశం ఈరోజు మధ్యాహ్నం బస్సు దిగాడు. ట్రంకు పెట్టె కింద పెట్టాడు. హోటల్ నిండా మనుషులు. నేను టీ వడపోయడం ఆపాను.

“ఒక్కటి పోయింది మామా. తక్కినయన్ని అయినయి. సెప్టెంబర్ల మళ్ల రాయాలె” అన్నాడు, అందరూ వినేలా. “అత్తా, ఆకలైతాంది.”

అమృతమ్మ అక్కడే పీట వేసి అన్నం పెట్టింది. అక్క పరుగున వచ్చి, సంగతి విని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

“అమ్మా, ఫెయిలైంది నేను. నన్ను జర తిననియ్యి, తిన్నంక ఇద్దరం కలిసి ఏడుద్దం.”

అక్క ఏడుపు మధ్యలో ఆగి ఏం చేయాలో తెలియక అన్నంలో పప్పు పోసింది. నేను వాడి చేతినే చూస్తున్నాను. ముద్ద కలుపుతోంది, నోటికి పోతోంది, మళ్లీ కలుపుతోంది. ఇంకో గరిటె పెట్టమన్నాడు.

బిక్షమ్మకు అప్పటికే కబురు పోయింది. వచ్చి గడప మీద కూర్చుంది. ఐలేశం తల దించుకున్నాడు.

“పెద్దమ్మా, సెప్టెంబర్ దాక ఆగాలె నువ్వు.”

“ఆగుత తియ్యి. మందల గొర్లు మస్తు సూడిమీదున్నయి. అప్పటికల్ల ఈన్తయి.” బిక్షమ్మ వేళ్లు మడిచి లెక్క చూసుకుంది. “గా పిల్లల్ని గూడ కేసుల కలుపు.”

ఐలేశానికి నవ్వొచ్చి మెతుకు గొంతుకు అడ్డం పడింది. అమృతమ్మ నెత్తి మీద చరిచి నీళ్లిచ్చింది. తాగి, మళ్లీ కంచం దగ్గరికి లాక్కున్నాడు.